ఖాళీగా కూర్చున్న నర్సు



కొన్నేళ్ళ క్రితం ఒక మిషన్ ఆసుపత్రి కమిటీలో నేనూ సభ్యుణ్ణి. ఒకరోజు మధ్యాహ్నం మూడింటికి వెళ్ళి చూస్తే ఓపీలో ఇద్దరు నర్సులు ఖాళీగా కూర్చుని ఉన్నారు. కానుకల మీద నడిచే సంస్థ కదా, ఇంత దుబారా ఎందుకని ఒక పోస్టు తీసేశాం. చెయ్యెత్తినవారిలో నేనూ ఉన్నాను. నెల తిరగకముందే, పొద్దున చీటీ రాయించుకొన్న ముసలివాళ్ళు మధ్యాహ్నం దాకా బల్లల మీదే కనబడ్డారు. కొందరు డాక్టరుకు చూపించుకోకుండానే బస్సు వేళయిందని లేచి వెళ్ళిపోయారు.

పొరపాటు ఎక్కడ జరిగింది? లెక్క కోసం ఇలా అనుకోండి. డాక్టరు ఒక్కో రోగికి సగటున 5 నిమిషాలు తీసుకుంటే గంటకు 12 మందిని చూడగలరు. వచ్చేది గంటకు 9 మందే. అయినా లోపలికి వెళ్ళడానికి ఒక్కొక్కరు సగటున 15 నిమిషాలు ఆగాలి. ఎందుకంటే రోగులు గడియారం చూసుకొని రారు. పావుగంట సేపు ఎవరూ రారు, తరువాత నలుగురు వెంటవెంటనే వస్తారు. ఒకరికి రెండు నిమిషాలు చాలు, మరొకరికి పదిహేను కావాలి. ఖాళీగా గడిచిన నిమిషాలను దాచిపెట్టి రద్దీ వేళ వాడుకోలేం.

ఇప్పుడు నర్సును తీసేశాం. ఆమె చూసే బీపీ, సుగరు డాక్టరు మీద పడ్డాయి. 5 నిమిషాల పని 6 నిమిషాలైంది. ఆ ఒక్క నిమిషంతో, అదే 9 మందికి, నిరీక్షణ 15 నుండి 54 నిమిషాలకు పెరుగుతుంది! డాక్టరుకు మాత్రం గంటలో ఇంకా 6 నిమిషాల తీరిక ఉన్నట్టే కాగితం మీద కనిపిస్తుంది. కమిటీలు చూసేది ఆ కాగితాన్నే.

ఈ లెక్క పుట్టింది ఆసుపత్రిలో కాదు. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే డెన్మార్క్ గణితజ్ఞుడు, ఎప్పుడొస్తాయో తెలియని కాల్స్‌ను ఎలా లెక్కగట్టాలో 1909లో ప్రచురించాడు. నేటి కాల్ సెంటర్లలో ఎంతమంది ఉండాలో తేల్చడానికి ఆయన సూత్రాలే ఆధారం.

నిర్గమకాండము 18వ అధ్యాయంలో మోషే ముందు ఉన్నది కూడా ఇలాంటి వరుసే. ఉదయం నుండి సాయంత్రం దాకా జనం నిలబడే ఉన్నారు. మామ యిత్రో అల్లుణ్ణి ఇంకాస్త వేగంగా తీర్పులు చెప్పమనలేదు. చిన్న వ్యాజ్యాలను వేరేవారికి అప్పగించి, కఠినమైనవే తన దగ్గరకు రానివ్వమన్నాడు.

మేమూ చివరకు అదే చేశాం. పాత మందులే మళ్ళీ రాయించుకొనే బీపీ, సుగరు రోగులను మధ్యాహ్నం రమ్మన్నాం. ముందు నర్సు చూస్తుంది, తేడా ఉంటేనే డాక్టరు దగ్గరకు పంపుతుంది. దీనికి రెండో పోస్టు మళ్ళీ కావలసి వచ్చింది. మేము తీసేసిన ఆవిడ అప్పటికే హైదరాబాదులో ఉద్యోగం చూసుకొంది. కొత్తగా వచ్చిన అమ్మాయికి పని పట్టుబడడానికి నాలుగు నెలలు పట్టింది.