ఉమ్మడి లైబ్రరీ నుంచి సొంత కాపీ దాకా

కోడ్ భద్రపరిచే గిట్‌ల్యాబ్‌ను మన సర్వర్‌లో పెట్టుకోవడానికి ఆమ్నిబస్ అనే ప్యాకేజీ ఉంది. దాన్ని విప్పితే గిట్‌ల్యాబ్ ఒక్కటే కాదు, పోస్ట్‌గ్రెస్ డేటాబేసు, రెడిస్, ఎన్‌జింక్స్, రూబీ కూడా బయటపడతాయి. డేటాలో వెతకడానికి వాడే ఎలాస్టిక్‌సెర్చ్‌దీ ఇదే దారి. 2019లో వచ్చిన 7.0 వెర్షన్ నుంచి అది జావాను వెంటపెట్టుకునే వస్తోంది. వీటిలో చాలావరకు లినక్స్ తన ప్యాకేజీల్లో ఎలాగూ ఇస్తుంది. చేతికి అందేవాటిని వదిలేసి, ఎవరి కాపీ వాళ్లు మోసుకురావడం ఎందుకు? జవాబు కావాలంటే ప్రోగ్రాం లైబ్రరీ పుట్టినప్పటి సంగతులు చూడాలి.

1949 మే 6న ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో ఎడ్‌శాక్ కంప్యూటర్ తన తొలి ప్రోగ్రాంను నడిపింది. వర్గమూలం కట్టడం, అంకెలు అచ్చువేయడం లాంటి పనులు దాదాపు ప్రతి ప్రోగ్రాంకూ అవసరమే. వాటిని మళ్లీమళ్లీ రాసే పని తప్పించాలని మారిస్ విల్క్స్, డేవిడ్ వీలర్, స్టాన్లీ గిల్ చిన్నచిన్న సబ్‌రొటీన్లను సిద్ధం చేయించి, పేపర్ టేపుల మీదకు ఎక్కించి, బీరువాలో వరసగా పెట్టించారు. కావలసినవాళ్లు టేపు తీసుకుని, తమ ప్రోగ్రాం టేపులోకి దాని నకలు తీసి, అసలుదాన్ని మళ్లీ బీరువాలో పెట్టేవారు. ఈ పద్ధతిని వివరిస్తూ ముగ్గురూ కలిసి రాసిన పుస్తకం 1951లో వచ్చింది. అంటే తొలి లైబ్రరీలో మూలం అందరిదీ, నకలు మాత్రం ఎవరిది వారిదే. ఈరోజు సర్వర్ సాఫ్ట్‌వేర్ చేస్తున్నదీ దాదాపు అదే.

మధ్యలో నడిచినది మరో కథ. ప్రోగ్రాంలు పెరిగేకొద్దీ ఒకే సబ్‌రొటీన్ నకళ్లు డిస్కులోనూ మెమొరీలోనూ గుట్టలు పడ్డాయి. మెమొరీ బంగారంతో సమానమైన రోజులవి. నడిచే వేళకు లైబ్రరీని వెతికి జతచేసే డైనమిక్ లింకింగ్‌ను 1960లలో మల్టిక్స్ వ్యవస్థ చేసి చూపింది. 1988లో వచ్చిన సన్ఓఎస్ 4.0తో షేర్డ్ లైబ్రరీలు యూనిక్స్ వర్క్‌స్టేషన్లకు అలవాటయ్యాయి. ప్రోగ్రాంలో లైబ్రరీ ఉండదు, దాని పేరు మాత్రమే ఉంటుంది. ప్రోగ్రాం మొదలవగానే లింకర్ ఆ పేరున్న ఫైలును వెతికి తెస్తుంది. మెమొరీలో ఉన్న ఒకే కోడ్‌ను వంద ప్రోగ్రాంలు పంచుకుంటాయి.

1993లో మొదలైన డెబియన్ వంటి లినక్స్ పంపిణీలు ఈ పొదుపుకు భద్రతను జోడించాయి. ఊరందరికీ ఒకే మంచినీళ్ల బావి ఉన్నట్టు ఇది. నీళ్లు పాడైతే ఒక్కచోట శుభ్రం చేస్తే చాలు, ఊరంతా గట్టెక్కుతుంది. 2014 ఏప్రిల్‌లో, ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడినప్పుడు ఈ పద్ధతి విలువ తెలిసింది. వ్యవస్థ ఇచ్చిన లైబ్రరీనే నమ్ముకున్న సర్వర్లలో ఒక్క ప్యాకేజీని అప్‌డేట్ చేసి, సర్వీసులు మళ్లీ మొదలుపెడితే ఆ రంధ్రం మూసుకుంది. రహస్య కీలు, సర్టిఫికెట్లు మార్చుకునే పని మిగిలినా, లోపమున్న కోడ్ మాత్రం ఒక్క దెబ్బతో పోయింది.

ఇంత మంచి ఏర్పాటును సర్వర్ సాఫ్ట్‌వేర్ ఎందుకు వదులుకుంటోంది?

ఒక కారణం వెర్షన్ల తగువు. ఉబుంటు 22.04 వచ్చేసరికి దాని ప్యాకేజీల్లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 మాత్రమే మిగిలింది, 1.1 లేదు. 1.1 కోసం తయారైన ప్రోగ్రాంలు లైబ్రరీ దొరకక మొదట్లోనే ఆగిపోయాయి. వయసు తేడా మరో కారణం. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7 విడుదలైంది 2014లో, దాని మామూలు నిర్వహణ ముగిసింది 2024లో. ఆ పదేళ్లూ దాని మూల లైబ్రరీలు పాత వెర్షన్ల దగ్గరే నిలిచాయి. అందులో ప్యాకేజీలు పెట్టే యమ్ పనిముట్టు పైథాన్ 2.7తో నడుస్తుంది. మన ప్రోగ్రాం కోసం ఆ పైథాన్‌ను తీసేసి వేరేది పెడితే యమ్ పడిపోతుంది. వ్యవస్థలో ఉన్న పైథాన్ వ్యవస్థ అవసరాల కోసమే, మనకు వేరేది కావాలి.

అన్నిటికన్నా లోతైన కారణం పోస్ట్‌గ్రెస్ అనుభవంలో కనిపిస్తుంది. ఈ డేటాబేసు పేర్లను వరసలో పెట్టి ఇండెక్స్ కడుతుంది. అక్షరాల వరస నియమాల కోసం చాలాకాలంగా లినక్స్ మూల లైబ్రరీ జీలిబ్‌సీ మీద ఆధారపడింది. 2018 ఆగస్టులో వచ్చిన జీలిబ్‌సీ 2.28 ఆ నియమాలను అంతర్జాతీయ ప్రమాణానికి తగ్గట్టు మార్చింది. అమెరికన్ ఇంగ్లిష్ నియమాల ప్రకారం అంతకుముందు 11 తర్వాత 1-1 వచ్చేది. కొత్త లైబ్రరీలో 1-1 ముందు, 11 తర్వాత. తేడా అంతే. కానీ డిస్కు మీది ఇండెక్స్ పాత వరసలో కట్టి ఉంది, వెతికేది కొత్త వరసలో. ఆపరేటింగ్ సిస్టమ్‌ను అప్‌గ్రేడ్ చేసిన చోట, టేబుల్‌లో ఉన్న రికార్డే లేదని జవాబు రావచ్చు. ఒక్కటే ఉండాల్సిన విలువ రెండోసారి చేరిపోవచ్చు. ఇండెక్స్‌లను మళ్లీ కట్టుకోవడమే దీనికి మందు.

ఇక్కడ ఎవరి పనీ తప్పు కాదు. జీలిబ్‌సీ ప్రమాణాన్ని పాటించింది. పోస్ట్‌గ్రెస్ అడగాల్సినవాళ్లనే అడిగింది. పంపిణీదారులు కొత్త లైబ్రరీని సకాలంలో ఇచ్చారు. అయినా డేటా దెబ్బతింది. ఉమ్మడి లైబ్రరీ ఒక ఫంక్షన్ ఉంటుందని మాట ఇస్తుంది కానీ, దాని జవాబు పదేళ్ల తర్వాతా అక్షరం పొల్లుపోకుండా అదే ఉంటుందని మాట ఇవ్వదు. సర్వర్‌కు కావలసింది ఆ రెండోది. 2024లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 17 సొంతంగా వరస నియమాలు ఇచ్చే ఏర్పాటును తనలోనే చేర్చుకుంది. ఏ లైబ్రరీతో పరీక్షించారో ఆ లైబ్రరీతోనే నడపాలన్న పట్టుదలే సొంత కాపీల వెనక ఉన్న అసలు సంగతి.

అందుకు కావలసిన పనిముట్లూ సమకూరాయి. 1979 నాటి యూనిక్స్‌లోనే, ప్రోగ్రాంకు ఒక ఫోల్డర్‌నే మొత్తం ప్రపంచంగా చూపించే క్రూట్ ఉంది. ప్రాసెస్‌లకు మెమొరీ, సీపీయూ వాటాలు కట్టే సీగ్రూప్స్ 2008లో లినక్స్ కెర్నెల్‌లో చేరాయి. 2009లో గూగుల్ ప్రకటించిన గో భాష, ప్రోగ్రాంను దాని గో లైబ్రరీలన్నిటితో కలిపి ఒకే ఫైలుగా కడుతుంది. 2013 మార్చిలో సాలమన్ హైక్స్ పైకాన్ సదస్సులో కొద్ది నిమిషాల ప్రదర్శనతో డాకర్‌ను లోకానికి పరిచయం చేశారు. డాకర్ ఇమేజ్‌లో కెర్నెల్ తప్ప, ప్రోగ్రాంకు కావలసినవన్నీ వెంట వస్తాయి. డిస్కు చౌకైపోయింది కాబట్టి నకలు భారం అనిపించడం మానేసింది.

కానీ ఆ నకలుకూ వెల ఉంది. 2002లో, డేటాను కుదించే లైబ్రరీ జెడ్‌లిబ్‌లో ఒక లోపం బయటపడినప్పుడే, దాని కోడ్‌ను తమలో కలిపేసుకున్న ప్రోగ్రాంలను ఒక్కొక్కటిగా వెతికి సరిచేయాల్సి వచ్చింది. 2021 డిసెంబరులో అదే కష్టం కొండంతై తిరిగొచ్చింది. జావా ప్రోగ్రాంలు చిట్టా రాసుకోవడానికి వాడే లాగ్‌ఫోర్‌జేలో, దూరం నుంచే సర్వర్‌ను వశం చేసుకునే లోపం దొరికింది. తీవ్రతలో దానికి పదికి పది పడ్డాయి. మందు త్వరగానే వచ్చింది, 2.15.0 వెర్షన్ రూపంలో. అదీ చాలక 2.16, 2.17 వచ్చాయి. అసలు చిక్కు ఆ లైబ్రరీ ఎక్కడెక్కడ ఉందో తెలియకపోవడం. జావా కోడ్‌ను మూటకట్టే జార్ ఫైలు లోపల మరో జార్, దాని లోపల లాగ్‌ఫోర్‌జే. సర్వర్ ప్యాకేజీల జాబితాలో దాని పేరే కనబడదు. తమ దగ్గర అది ఉందో లేదో తేల్చుకోవడానికే ఎన్నో సంస్థలు తంటాలు పడ్డాయి.

ఇలాంటి వెతుకులాట తప్పించడానికి, సాఫ్ట్‌వేర్‌లో ఏయే భాగాలు, ఏ వెర్షన్లు ఉన్నాయో రాసి ఇచ్చే పట్టికను ఎస్‌బామ్ అంటున్నారు. ప్రభుత్వానికి అమ్మే సాఫ్ట్‌వేర్‌కు ఇది ఉండాలనే దిశగా 2021 మేలో అమెరికా అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది. మన దేశంలో సైబర్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2024లో దీనిపై సాంకేతిక మార్గదర్శకాలు విడుదల చేసింది.

సొంత కాపీ తెచ్చుకోవడం బద్ధకమని తీసిపారేయడం నాకు సబబుగా అనిపించదు. పరీక్షించినదాన్నే నడపాలనడం బాధ్యతే. అయితే లైబ్రరీని లోపల పెట్టుకున్న రోజునే దాని లోపాల బరువు కూడా ఆ తయారీదారు మీద పడుతుంది. డెబియన్ భద్రతా బృందం చేసే పని ఇక తనే చేయాలి. లోపం బయటపడ్డ వెంటనే కొత్త ఇమేజ్ కట్టి ఇవ్వాలి, లోపల ఏముందో దాచకుండా చెప్పాలి. కొనేవాళ్లు సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందో అడిగినంత గట్టిగా, ఈ పట్టికనూ అప్‌డేట్ల గడువునూ అడగాలి. ఆ రెండూ ఇవ్వలేని తయారీదారుకు సొంత కాపీ పెట్టుకునే అర్హత లేదు. వ్యవస్థ ఇచ్చే లైబ్రరీనే వాడుకోవడం అతనికీ, అతన్ని నమ్మినవాళ్లకీ క్షేమం.