తాళపుచెవి యెవరిచేత?

ఉమామహేశ్వర క్షేత్రము శ్రీశైలమునకు ఉత్తరద్వారమని పెద్దలు చెప్పుదురు. ఆ కొండకు చేరువనున్న అచ్చంపేట నల్లమల యడవులకు బోవువారికి వాకిలివంటిది. కావున వాకిలియనిన నేమో, దానికి కావలి యేల యవసరమో ఆ ప్రాంతమువారికి వేరుగ బోధింప నక్కరలేదు. పసులకొట్టమునకు తడక, గరిసెకు మూత, బీరువాకు తాళము, రాత్రివేళ తలుపునకు గడియ, ఇవి వారి నిత్యకృత్యములు. కాని యిటీవలి సంవత్సరములలో వారి యిండ్లకు మరియొక వాకిలి వచ్చి చేరినది. గోడకు తగిలించిన చిన్నపెట్టె యొకటి, దానికి రెండు మూడు కొమ్ములు, మిణుకుమను పచ్చని దీపములు. దానిని రౌటరందురు. ఈ వాకిలికి గడియ కలదా, కలదేని దాని తాళపుచెవి యెవరిచేత నున్నది, అని విచారించువారు మాత్రము మిక్కిలి యరుదు.

2016 అక్టోబరు 11 వరకు మహబూబునగరు జిల్లాలోనుండి, నాటినుండి నాగరుకర్నూలు జిల్లాలో చేరిన యీ పట్టణమున మేమెరిగిన గృహస్థులొకరు కలరు. పల్లికాయయు పత్తియు పండించు రైతు. కుమారుడు హైదరాబాదున ఉద్యోగము చేయుచున్నాడు. వాకిట నొకటి, బావికాడ నొకటి కెమేరాలు పెట్టించి, వానిని కుమారుడు పట్టణమునుండియే చూచుకొనుచుండును. రౌటరు మార్చవలెననియు, ఈమారు వి.పి.ఎన్. కలదానినే కొనవలెననియు కుమారుడు వ్రాసినాడట. ఆ పెద్దమనిషి మమ్ము జూచి, “అయ్యా, పెట్టెమీద ఆ మూడక్షరాలుంటే చాలునా?” అని యడిగెను. చాలవని చెప్పితిమి. ఆపై ఇంటనున్న పాతపెట్టెను పరిశీలించితిమి. బిగించినవాడు పోయి అయిదేండ్లైనది. నాడు పెట్టిన సంకేతపదమే నేడును పనిచేయుచున్నది. అది పెట్టె యడుగున అచ్చువేసిన కాగితముపైననే యున్నది. ఆ కంపెనీ యేదియైన నేమి? లక్షలాది గృహములలో ఇదియే పరిస్థితి.

ఇది చిన్న సంగతియని తలంచువారు ఆ పెట్టెగుండ నేమేమి వచ్చిపోవుచున్నవో లెక్కించి చూతురు గాక. బ్యాంకు ఖాతా దానిగుండనే. పిల్లల చదువు దానిగుండనే. 2025 ఏప్రిలు 14వ తేదీన తెలంగాణ ప్రభుత్వము ప్రారంభించిన భూభారతి దస్తావేజుల పరిశీలన దానిగుండనే. ఇంట నెవరున్నారో, ఎవరు లేరో చూపు కెమేరాచిత్రములును దానిగుండనే. ఒక కుటుంబముయొక్క ధనము, ధాన్యము, భూమి, మానము, ఇన్నిటికిని సంబంధించిన వార్తలు ఒక్క ద్వారమున నడచుచున్నవి.

పరుల యుత్తరములు విప్పి చదువుట మనదేశమునకు క్రొత్త కాదు. 1885 నాటి టెలిగ్రాఫు చట్టమును, 1898 నాటి తపాలా చట్టమును ప్రభుత్వమునకు ఆ యధికారమిచ్చినవి. ఆ రెండు చట్టముల స్థానమునకై 2023లో క్రొత్త చట్టములు చేయబడినవి. ఆంతరంగిక జీవనము పౌరుని ప్రాథమికహక్కని సుప్రీముకోర్టున తొమ్మండుగురు న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న ఏకగ్రీవముగ తీర్పు చెప్పిరి. ఆ తీర్పు చిరస్మరణీయము. కాని హక్కు కాగితముపై నుండును, దొంగ వాకిట నుండును. వాకిలి తెరచియుంచి హక్కును చదివి వినిపించిన దొంగ మరలిపోడు.

ఆ దొంగ యెట్టివాడో మూడు దృష్టాంతములు చాలును. 2016లో మిరాయి యను దుష్టక్రమణిక యొకటి ప్రపంచమున సంచరించినది. దాని విద్య యేమనగా, కంపెనీలు పెట్టి పంపిన సుమారు 60 జతల పేర్లను, సంకేతపదములను వరుసగ ప్రయోగించి చూచుట. అంతమాత్రముచేతనే లక్షలాది కెమేరాలు, రౌటర్లు దాని వశమైనవి. ఆ సంవత్సరము అక్టోబరు 21న అమెరికాలో ప్రసిద్ధములగు వెబ్‌సైట్లనేకము గంటలతరబడి స్తంభించుటకు ఈ దండే కారణము. 2018 మే నెలలో బయలుపడిన మరియొకటి 54 దేశములలో 5 లక్షల పరికరములనైన నాక్రమించినది. రౌటర్ల నొకమారు ఆర్పి వెలిగింపుడని అమెరికా దర్యాప్తుశాఖ ప్రజలను వేడుకొనవలసివచ్చెను. 2025 మే నెలలో ఆ శాఖయే మరల హెచ్చరించినది. కంపెనీలు మరమ్మతు మానివేసిన పాతరౌటర్లలో నేరగాండ్రు జొరబడి, వానిని తమ ముసుగులుగ నితరులకు అద్దెకిచ్చుచున్నారని తెలిపినది. అనగా నేరము చేయువాడొకడు, చిరునామా నీ యింటిది. పోలీసులు మొదట తట్టునది నీ తలుపే.

కొనుటకు ముందు

కావున రౌటరు కొనువారు అంగడివానిని మొట్టమొదట నడుగవలసినది వేగమును గూర్చి కాదు, వెలను గూర్చియు కాదు. ఈ పెట్టెకు కంపెనీవారు భద్రతా సవరణల నెన్ని యేండ్లు పంపుదురు? ఇదియే ప్రథమప్రశ్న. రౌటరులోపల నుండు క్రమణిక మనుష్యులు వ్రాసినదే గావున దానిలో లోపములు నిత్యము బయలుపడుచుండును. సవరణ వచ్చినచో లోపము పూడును, రానిచో ఆ కన్నము శాశ్వతముగ నుండును. సవరణలు తమంతట తామే వచ్చి చేరు ఏర్పాటున్న పెట్టె శ్రేష్ఠము, ఏలననగా పనిగట్టుకొని సవరించుకొనువారు కొలదిమందియే. ఇంగ్లండులో 2024 ఏప్రిలు 29 నుండి అమలైన చట్టము ప్రకారము ఎల్లర కొకటే సంకేతపదము పెట్టి పరికరములను విక్రయింపరాదు. సవరణలు ఎంతకాలము నడచునో కంపెనీ ముందుగనే ప్రకటింపవలెను. మనదేశమున విక్రయింపబడు ప్రతిపెట్టెమీదను ఆ తేదీ అచ్చువేయవలెనని ప్రజలు కోరుట న్యాయము. మందుసీసాకు గడువుతేదీ యుండగా ఇంటి వాకిలికి వలదా?

రెండవది, గాలిలో పోవు మాటకు కప్పు. వైఫైకి డబ్ల్యు.పి.ఎ. 2 అను రక్షణపద్ధతి 2004 నుండి కలదు. దానిలో నొక లోపము 2017లో బయలుపడగా, 2018లో డబ్ల్యు.పి.ఎ. 3 వచ్చినది. నేడు క్రొత్తగ కొనువారు ఈ మూడవదానినే కోరుకొనవలెను. డబ్ల్యు.పి.ఎస్. అను మీటయొకటి పెక్కుపెట్టెలలో కలదు. దాని యెనిమిదంకెల సంఖ్యను 11,000 ప్రయత్నములలోపుననే కనుగొనవచ్చునని 2011లోనే తేలినది. కావున దానిని ఆపివేయుటకు వీలుండవలెను.

వి.పి.ఎన్. అను మాటకు మూడర్థములు

ఇక మా మిత్రునడిగిన మూడక్షరముల సంగతి. వి.పి.ఎన్. అనగా బహిరంగమైన రాచబాటలో మనకై వేసికొనిన చాటుసొరంగము. లోపల పోవు వార్త ముద్రవేసిన యుత్తరమువలె మూసియుండును. నడుమనున్నవాడు సొరంగమును చూడగలడు గాని యందలి వార్తను చదువజాలడు. అయితే పెట్టెమీద “వి.పి.ఎన్. కలదు” అని యున్నంతమాత్రమున మోసపోరాదు. ఆ మాటకు మూడర్థములు కలవు.

మొదటిది, ‘పాస్‌త్రూ’ యనబడునది. మీ కంప్యూటరు తానుగ వేసికొనిన సొరంగమును రౌటరు అడ్డుకొనక పోనిచ్చును, అంతియే. చవుకపెట్టెలపై వ్రాయబడునది తరచుగ నిదియే. పండుగకు వచ్చిన కుమారుడు ఇంటనుండి ఆఫీసుపని చేయుటకు ఇది చాలును. దానికై క్రొత్తరౌటరు కొననక్కరలేదు.

రెండవది, ‘క్లయింటు’. ఇంటనున్న ఫోనులు, కంప్యూటర్లు అన్నిటి రాకపోకలను రౌటరే యొక సొరంగమున జొప్పించి, మీరు చందా కట్టిన వి.పి.ఎన్. కంపెనీ వాకిట వెలికిదీయును.

మూడవది, ‘సర్వరు’. సొరంగపు ముఖద్వారము మీ యింటనే యుండును. హైదరాబాదులోని కుమారుడు ఆ సొరంగమున నింటికి వచ్చి కెమేరాలను చూచుకొనును. కెమేరాలు లోకమునకు నేరుగ కనబడవు. మా మిత్రునివంటి గృహస్థునకు నిజముగ కావలసినది ఈ మూడవది. కావున అంగడివాడు “వి.పి.ఎన్. ఉన్నది” అని చెప్పినప్పుడు మూడింటిలో నేదియని నిలదీసి యడుగవలెను.

సొరంగము వేయు పద్ధతులును పెక్కు. పి.పి.టి.పి. అను పద్ధతి 1990ల నాటిది. దాని రహస్యలిపిని ఒక్కదినమున ఛేదింపవచ్చునని 2012లో బహిరంగముగ నిరూపింపబడినది. అదియొక్కటియే కల రౌటరు తుప్పుగడియ గల తలుపు. ఓపెన్ వి.పి.ఎన్. చిరకాలముగ పరీక్షింపబడినది, నమ్మదగినది, కాని చిన్న రౌటర్లలో మెల్లగ నడచును. వైర్‌గార్డు అనునది కేవలము సుమారు 4,000 పంక్తులలో వ్రాయబడినది గావున పరిశీలించుటకు సులభము, వేగవంతము. 2020 మార్చిలో దానిని లినక్సు మూలములోనే చేర్చుకొనిరి. ఈ తుదిరెంటిలో నొకటియైన నుండవలెను, వైర్‌గార్డున్న మరియు మంచిది. పెట్టెపై 1200 అని పెద్దయంకె వేసియుండును. అది రెండు తరంగమార్గముల గరిష్ఠవేగములను కూడి వ్రాసిన మొత్తము, సొరంగపు వేగము కాదు. సొరంగపు వేగము లోపలి ప్రాసెసరు శక్తినిబట్టి యుండును. దానిని వేరుగ నడిగి తెలిసికొనవలెను.

ఇచట చాలమంది యెరుగని చిక్కొకటి కలదు. ప్రపంచమున పాతపద్ధతి ఐ.పి. చిరునామాలు సుమారు 430 కోట్లు మాత్రమే. అవి చాలక కంపెనీలు వందలాది యిండ్లకు ఒకే చిరునామా నిచ్చి సర్దుచున్నవి. వాడకంతకును ఒకే యింటినంబరున్నచో తపాలావాడు ఏ యింటి తలుపు తట్టును? అట్లే, మీకు సొంతచిరునామా లేనిచో ఎంత మేలైన రౌటరు కొన్నను కుమారుడు వెలుపలినుండి నేరుగ లోనికి రాజాలడు. కావున డబ్బు వెచ్చించుటకు ముందే ఇంటర్నెట్టు కంపెనీవారికి ఫోనుచేసి, తమ యింటికి ప్రత్యేకమైన పబ్లికు ఐ.పి. చిరునామా నిత్తురా, యిచ్చుటకెంత పుచ్చుకొందురు, లేదా క్రొత్తపద్ధతి ఐ.పి.వి. 6 చిరునామా కలదా యని యడుగవలెను. వారి పెట్టె తొలగించి సొంతరౌటరు పెట్టుకొన నిత్తురా, లేక దాని వెనుక తగిలింపవలెనా యనుటయు అప్పుడే తేల్చుకొనవలెను.

సొరంగమునకు హద్దులు

చందాకు దొరకు వి.పి.ఎన్. కంపెనీలు తమ ప్రకటనలలో సర్వరక్షణ వాగ్దానము చేయుచున్నవి. వాస్తవమేమనగా, మీ రాకపోకలను చూచు యవకాశము ఇంటర్నెట్టు కంపెనీనుండి వి.పి.ఎన్. కంపెనీకి మారును, అంతియే. ఒక గుమాస్తానుండి లెక్కలపుస్తకము తీసి మరియొక గుమాస్తాచేతికిచ్చుట వంటిది. ఆ రెండవవా డెవరో తెలియకున్న, అందును ఉచితముగ నిచ్చువాడైన, మరియు జాగ్రత్త వలయును. మనదేశమున వి.పి.ఎన్. వాడుట నేరము కాదు. కాని కేంద్రప్రభుత్వపు సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిలు 28న నొక యుత్తరువు నిచ్చినది. దాని ప్రకారము ఈ సేవ నమ్ము కంపెనీలు చందాదారుల పేర్లు, చిరునామాలు, ఐ.పి. వివరములు 5 సంవత్సరములు భద్రపరుపవలెను. అందుపై కొన్ని విదేశీకంపెనీలు తమ సర్వర్లను భారతదేశమునుండి తరలించుకొనిపోయినవి. నేరపరిశోధనకు ఆధారములు కావలెననుట నిజమే, కాని నిరపరాధుల వివరములుకూడ అయిదేండ్లు పోగువడుట వేరొక యపాయము. ఈ రెంటిని తూచి చూచుట పౌరుల ధర్మము.

మరియొక మాట. తియ్యని గొంతుకతో ఫోనుచేసి ఓ.టి.పి. అడుగువానికి ఆ యంకెలు మీరే చెప్పినచో, ఏ రౌటరును, ఏ సొరంగమును మిమ్ము కాపాడలేదు. తలుపెంత గట్టిదైనను లోనివారే గడియ తీసిన ఫలమేమి?

కొనిన పిమ్మట

పెట్టె యింటికి వచ్చిన దినముననే చేయవలసిన పనులు కొన్ని కలవు. అవి యొక గంటలో ముగియును. రౌటరును నడుపు సంకేతపదమును, వైఫై సంకేతపదమును రెంటిని వేర్వేరుగ మార్చి, దీర్ఘమైనవి పెట్టుకొనవలెను. వెలుపలినుండి రౌటరును నడుపు సౌకర్యమును ఆపివేయవలెను. కెమేరాలకును, అతిథులకును వేరు వైఫై మార్గము నేర్పరుపవలెను. చవుక కెమేరా యొకటి దొంగవశమైనను బ్యాంకుపని చేయు ఫోనుదాక వాడు రాకుండును. సొరంగపు తాళపుచెవిని కుటుంబములో కావలసినవారికే యిచ్చి, ఫోను పోయిన దినముననే దానిని రద్దుచేయవలెను. పాతయిండ్లలో మందపుగోడలు తరంగములను మ్రింగివేయును గావున పెట్టెను నట్టింట ఎత్తున నుంచుట మేలు. కరెంటు పోయినప్పుడు కెమేరాలు గ్రుడ్డివి కాకుండ పెట్టెను ఇన్వర్టరునకు కలుపుట మరువరాదు.

ఇవి యన్నియు కుమారులే చేయుదురులెమ్మని పెద్దలు తలంపరాదు. బిగింపువాడు చేసిపోవునని కుమారులును తలంపరాదు. మేము బయలుదేరునప్పుడు మా మిత్రుడు కళ్ళజోడు పెట్టుకొని, పాతపెట్టె యడుగునున్న కాగితమును చదివి, తానే క్రొత్త సంకేతపదమును కూడబలుకుకొనుచు వ్రాసెను. అది యేమో మాకు చెప్పలేదు. చెప్పకుండుటయే సరి. క్రొత్తరౌటరు సంగతి కుమారునితో మాటాడి, పై ప్రశ్నలన్నియు అడిగినపిమ్మటనే కొందునని చెప్పెను. అచ్చంపేటలో ఆ యొక్క యింటి తాళపుచెవి ఆ దినమున దాని యజమానుని చేతికి వచ్చినది. తక్కిన యిండ్లవారును తమ తమ పెట్టెల నొకమారు త్రిప్పి చూచుకొందురు గాక.