క్యాన్సరు నయమైనా నోరు తడారిపోయేవారికి

నల్లజర్ల మెట్టలో ఫాల్గుణం దాటగానే పడమటి గాలి మొదలవుతుంది. మిట్టమధ్యాహ్నం ఆరవేసిన పంచె చూస్తుండగానే పెళపెళలాడుతుంది. మా మండలం 2022లో తూర్పు గోదావరి జిల్లాలో చేరినా మేము మాత్రం ఇప్పటికీ పశ్చిమ గోదావరి మెట్టవారమనే చెప్పుకొంటాము. ఈ మెట్టగాలి ఆరోగ్యవంతుని పెదవులనే పగులగొడుతుంది. ఇక నోటిలో లాలాజలమే ఊరని మనిషి అవస్థ వేరే చెప్పనవసరం లేదు. అటువంటివారిలో నేనొకడిని.

2021 చివరిలో నాకు నాలుక మూలంలో క్యాన్సరు ఉన్నట్లు తేలింది. రేడియేషన్ అని అందరూ పిలిచే కిరణ చికిత్స 33 రోజులు జరిగింది. వ్యాధి తగ్గింది. కాని వేసవి వచ్చేసరికి అన్నం ముద్ద నోటిలో ఇసుకలా తిరగసాగింది. రాత్రివేళ నాలుక అంగిటికి అతుక్కుపోయి మెలకువ వచ్చేది. చెంబుడు నీళ్ళు తాగినా రెండు నిమిషాలకు మళ్ళీ అదే స్థితి. చూడవచ్చిన బంధువులందరూ "వేడి చేసింది" అన్నారు. నేనూ అదే నమ్మాను. ఆ నమ్మకానికి నాలుగు పళ్ళు మూల్యంగా చెల్లించాను.

జరిగినదేమిటో తరువాత తెలిసింది. మనకు చెవుల ముందు, దవడ క్రింద, నాలుక క్రింద మూడు జతల పెద్ద లాలాజల గ్రంథులున్నాయి. ఇవి రోజుకు అర లీటరు మొదలు లీటరున్నర వరకు లాలాజలాన్ని స్రవిస్తాయి. తల, మెడ భాగాల క్యాన్సరుకు ఇచ్చే కిరణాలు ఈ గ్రంథులపై కూడా పడతాయి. ముఖ్యంగా చెవుల ముందుండే గ్రంథులు ఆ తాకిడికి త్వరగా దెబ్బ తింటాయి. పలుచని, నీటివంటి లాలాజలాన్ని ఎక్కువగా ఇచ్చేవి అవే కాబట్టి, మిగిలేది చిక్కని జిగట మాత్రమే. ఎండదెబ్బకు ఎండిన నోరు వేరు, ఊట పూడిపోయిన బావివంటి నోరు వేరు. మొదటిదానికి నీరు చాలును. రెండవదానికి నీరు తాత్కాలికమే, ఎందుకంటే లాలాజలం కేవలం నీరు కాదు. దానిలో జిగురున్నది, పుల్లదనాన్ని విరిచే గుణమున్నది, పంటిపై పెంకును కాపాడే ఖనిజాలున్నాయి.

ఆయుర్వేదంలో తృష్ణకు ఔషధాలు కొల్లలు. చరకుడు దప్పిని అణచే పది ద్రవ్యాలను ఒక గణంగా చెప్పాడు. శొంఠి, తుంగముస్తలు, పర్పాటకం, చందనం, తిప్పతీగె, ధనియాలు మొదలైనవి అందులో ఉన్నాయి. అవన్నీ మంచివే. అయితే ఎక్స్ కిరణాలను కనుగొన్నది 1895లో. కిరణాల వలన ఎండిన నోటిని ప్రాచీనులు చూడలేదు. శాస్త్రం చూపిన దారిని తీసుకోవాలే కాని, దప్పికి చెప్పిన ప్రతి మందూ మనకు వర్తిస్తుందనుకోరాదు.

నేను చేసిన పొరపాటు ఇదే. మా ఇంటావిడ, "ఏమండీ, కాస్త నిమ్మబద్ద చప్పరించండి, నోరూరుతుంది" అన్నది. ఊరిన మాట నిజమే, నాలుగు చుక్కలు. దానిపై తేనె, ఆపైన పటికబెల్లం ముక్క బుగ్గన పెట్టుకోవడం అలవాటయింది. ఆమె తప్పేమీ లేదు, ఎవరింట్లోనైనా చెప్పే చిట్కాయే అది. కాని లాలాజలం లేని నోటిలో పులుపు పంటి పెంకును కరిగిస్తుంది, తీపి పురుగు పట్టిస్తుంది. ఏడాది తిరగకుండా చిగురు వద్ద పళ్ళు నల్లబడి, నాలుగు పుటుక్కున విరిగాయి.

కషాయం కోసం తాడేపల్లిగూడెంలో ఒక ఆయుర్వేద వైద్యుని వద్దకు వెళ్ళాను. ఆయన టార్చి వేసి నోరు చూసి, "మాస్టారూ, ముందు పళ్ళ డాక్టరుగారికి చూపించుకొని రండి. లేహ్యాలు మీకు నేను ఇవ్వను, అన్నీ తీపే" అన్నారు. మందు అమ్ముకొనడానికి బదులు ఆ మాట చెప్పినందుకు ఆయనకు నేటికీ నమస్కరిస్తాను. దంతవైద్యుడు విరిగిన పళ్ళను పీకలేదు. వేళ్ళకు చికిత్స చేసి, వాటిని దవడలోనే ఉంచి పైన మూసివేశాడు. కిరణాలు సోకిన దవడలో పన్ను పీకితే గాయం మానక ఎముక చెడిపోయే ప్రమాదం ఏళ్ళ తరబడి ఉంటుంది. కనుక ఏ దంతవైద్యుని వద్దకు వెళ్ళినా, నోరు తెరవకముందే కిరణ చికిత్స సంగతి చెప్పవలెను. చికిత్స ఇంకా మొదలు కానివారు ముందుగానే పళ్ళు చూపించుకొనవలెను. లాలాజల గ్రంథులను తప్పించి కిరణాలు ఇచ్చే వీలున్నదా అనికూడా డాక్టరును అడగండి. 2011లో వెలువడిన ఒక బ్రిటిష్ పరిశీలనలో పాత పద్ధతిన చికిత్స పొందినవారిలో ఏడాది తరువాత నూటికి 74 మందికి గణనీయమైన నోటి ఎండుదనం ఉండగా, గ్రంథులను కాపాడే కొత్త పద్ధతిలో అది 38 మందికే ఉన్నది.

ఇక నాకు మేలు చేసిన వాటిలో మొదటిది అవిసె గింజల జిగురు. పువ్వులు కూర వండుకొనే అవిసె చెట్టు కాదు, నూనె తీసే అవిసెలు. ఒక చెంచా గింజలను గ్లాసు నీటిలో సన్నని సెగపై పది నిమిషాలు మరిగించి, వేడి మీదనే పలుచని బట్టతో వడగట్టాలి. చల్లారితే చిక్కబడి బట్టలోనుంచి దిగదు. ఆ జిగురును చెంచాడు నోటిలో పోసుకొని, నాలుకతో అన్ని మూలలకూ పట్టించి, ఉమ్మివేయవచ్చు. ఫ్రిజ్‌లో ఉంచి ఒక్కరోజే వాడాలి. ఇది ఉత్త ఇంటి చిట్కా అనుకోకండి, అవిసె జిగురుతో తయారైన కృత్రిమ లాలాజలం విదేశాలలో వాడుకలో ఉన్నది.

రెండవది నువ్వుల నూనె. అష్టాంగ హృదయం సూత్రస్థానంలో గండూషానికి ఒక అధ్యాయమే కేటాయించబడింది. కళ్ళవెంట, ముక్కువెంట నీరు కారేవరకు నోటినిండా పట్టి ఉంచాలన్న ఆ విధి మనకు తగదు. పడుకొనేముందు ఒక చెంచా నూనెను రెండు నిమిషాలు నోటిలో ఉంచి ఉమ్మివేస్తే రాత్రి నాలుక అతుక్కోదు. మింగేటప్పుడు పొలమారేవారు దీని జోలికి పోరాదు, నూనె ఊపిరితిత్తులలోనికి జారితే ప్రమాదం. అతిమధురం కషాయంతో పుక్కిలించడం కూడా హాయినిస్తుంది కాని మింగకూడదు. ఎక్కువగా లోపలికి పోతే రక్తపోటు పెరుగుతుంది, శరీరంలో పొటాషియం తగ్గుతుంది.

భోజనమైన ప్రతిసారీ గ్లాసు గోరువెచ్చని నీటిలో పావుచెంచా వంటసోడా, అందులో సగం ఉప్పు కలిపి పుక్కిలిస్తాను. దంతవైద్యుడిచ్చిన ఫ్లోరైడ్ మందు రాత్రి తప్పదు. ఆల్కహాలు కలిసిన మౌత్‌వాష్‌లు నోటిని మరింత ఎండబెడతాయి. లాలాజలం ఊరించే పైలోకార్పిన్ మాత్రలు ఉన్నాయి. కాని ఉబ్బసం, కొన్ని రకాల నీటికాసులు ఉన్నవారికి అవి ప్రమాదకరం కాబట్టి డాక్టరు వ్రాస్తేనే వాడవలెను.

మా పెద్దలు కిళ్ళీ వేసుకొమ్మని కూడా చెప్పారు. తాంబూలం నోరూరిస్తుందన్న మాట అబద్ధం కాదు. అయితే పొగాకు లేకున్నా వక్క తనంతట తానే క్యాన్సరు కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ 2004లో ప్రకటించింది. పొగాకు పండే నేలపై ఉంటున్న మాకు చుట్ట, ఖైనీల సంగతి వేరే ఎవరూ చెప్పనక్కరలేదు.

గాలి సంగతి ఆకివీడులో ఉన్న మా అక్కయ్య ఇంటికి వెళ్ళినప్పుడు గ్రహించాను. చుట్టూ కాలువలు, చేపల చెరువులు, అటు కొల్లేరు. అక్కడ ఉన్న పదిరోజులూ రాత్రి ఒక్కసారి మాత్రమే లేచాను. "ఎండలు తగ్గేదాకా ఇక్కడే ఉండిపోరా తమ్ముడూ" అన్నది అక్కయ్య. ఎంతకాలం ఉండగలం? ఇంటికి వచ్చి ఆ తేమనే గదిలోకి తెచ్చుకొన్నాను. ఏ.సి. గాలిలోని తేమను లాగివేస్తుంది. పడమటి గాలి వీచే రోజులలో వట్టివేరు తడికల కూలరు మేలు. నీటిని తరచు మార్చి తొట్టి కడగకపోతే మాత్రం బూజు వాసన, రోగాలు. కూలరు లేనివారు కిటికీకి తడిగుడ్డ కట్టవచ్చు. ముక్కు దిబ్బడ ఉంటే దానికి చికిత్స చేయించుకొనవలెను, నోటితో గాలి పీల్చినంతకాలం ఏ చిట్కా నిలవదు.

ఆహారంలో బచ్చలికూర, బీరకాయ, సొరకాయ, పలుచని పప్పుచారు, నెయ్యి వేసిన మెత్తని అన్నం, కమ్మని మజ్జిగ సులభంగా దిగుతాయి. పులుసులు, ఆవకాయ, అప్పడాలు నేను మానుకొన్నాను. ఆవకాయ విషయంలో ఇప్పటికీ మనసు ఒప్పదు. కొబ్బరినీరు తాగితే వెంటనే నోరు కడుక్కుంటాను.

బుగ్గల లోపల, నాలుకపై పెరుగు తరకలవంటి తెల్లని పొర, మంట కనిపిస్తే అది ఎండుదనం కాదు, బూజు జాతి క్రిమి వలన వచ్చే పూత. మందుతో తగ్గుతుంది. మానని పుండు, కొత్త గడ్డ, దవడ నొప్పి, మింగడంలో కొత్తగా కష్టం కనిపిస్తే చిట్కాలు ఆపి చికిత్స చేసిన డాక్టరుకే చూపించవలెను.

రెండేళ్ళు దాటిన తరువాత నాకు కొద్దిగా లాలాజలం తిరిగి వచ్చింది. అందరికీ అంత రాదు. ఇప్పటికీ జేబులో నీళ్ళసీసా లేకుండా గడప దాటను. గుటకలు కాదు, తడుపుకొనేంత మాత్రమే. ఈ వేసవిలో మా ఇంటావిడ లేత తాటిముంజెలు పొట్టు ఒలిచి, ముక్కలు చేసి పెట్టింది. నీళ్ళు తాగనవసరం లేకుండా మింగగలిగిన పదార్థం నాకు చాలాకాలానికి అదే దొరికింది.