ఉప్పుగాలిలో పాత బుల్లెట్: కాలానికి తగ్గ మార్పులు

కాలానికి తగ్గ మార్పు అంటే, పాత బండి తయారైన రోజుల్లో దొరికిన భాగంతో గానీ, పైకి కనబడకుండా దాని స్వభావంలో ఇమిడిపోయే భాగంతో గానీ దాన్ని మెరుగుపరచడం. పలాస, టెక్కలి, ఉద్దానం ఊళ్లలో పెద్దల నాటి బుల్లెట్‌ను మళ్లీ రోడ్డెక్కించాలనుకునేవారు ఈ ఎంపికలో సముద్రాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి తీరం మీదుగా వీచే ఉప్పుగాలి హ్యాండిల్ మీది క్రోమును, వైర్ల కొసలను, మడ్‌గార్డు లోపలి రేకును దేన్నీ వదలదు. బండి వయసుకూ, ఈ గాలికీ రెండింటికీ సరిపడినదే ఇక్కడ మంచి మార్పు.

బుల్లెట్ పుట్టింది ఇంగ్లండులోని రెడిచ్‌లో. 1955లో రెడిచ్ కంపెనీ, మద్రాస్ మోటార్స్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను నెలకొల్పాయి. మొదట్లో విడిభాగాలు తెప్పించి మద్రాసులో బిగించేవారు. 1962 నాటికి అన్ని భాగాలూ ఇక్కడే తయారయ్యేవి. 346 సీసీ ఇంజిను, 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు, పోత ఇనుప సిలిండరు, విడిగా ఉండే నాలుగు గేర్ల ఆల్బియన్ గేరుబాక్సు, కుడికాలి గేరు, ఎడమకాలి బ్రేకు: ఈ రూపం దశాబ్దాల పాటు పెద్దగా మారలేదు. అందుకే 1970 నాటి బండికి తర్వాతి కాలపు భాగాలు కూడా చాలాచోట్ల పడతాయి. అయితే పట్టిన ప్రతి భాగమూ ఆ బండికి తగినది కాదు.

మూడు పరీక్షలు

ఏ భాగం కొనే ముందైనా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఆ బండి తిరిగిన రోజుల్లో కంపెనీ గానీ, మెకానిక్ గానీ ఇలాంటిది వేసి ఉండేవారా? ఫ్రేమును కోయకుండా, కొత్త రంధ్రం పెట్టకుండా దీన్ని బిగించి, రేపు అవసరమైతే విప్పి పాతది పెట్టవచ్చా? బండి సమయానికి ఆగడానికో, చీకట్లో దారి కనబడటానికో ఇది పనికొస్తుందా? ప్రాణరక్షణకు అవసరమైన భాగమైతే మొదటి పరీక్షలో కొంత సడలింపు ఇవ్వవచ్చు. రెండో పరీక్షలో మాత్రం సడలింపు ఉండకూడదు. కోసిన ఫ్రేము మళ్లీ పాత ఫ్రేము కాదు.

ముందు బ్రేకులు, టైర్లు

డబ్బు మొదట పెట్టవలసింది ఇక్కడ. పాత బుల్లెట్‌కు రెండు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. వాటిని కాదని డిస్క్ బ్రేకు తగిలించాలంటే ముందు ఫోర్కు, హబ్బు కూడా మార్చాలి. అప్పుడు బండి ముఖమే మారిపోతుంది. దానికంటే ముందు డ్రమ్‌ను లేత్ మీద గుండ్రంగా సాపు చేయించి, దాని వంపుకు తగ్గ కొత్త లైనింగ్ వేయించి, కేబుల్ మారిస్తే ఆ పాత బ్రేకే చాలావరకు పనిచేస్తుంది. ఇంకా కావాలంటే తర్వాతి బుల్లెట్లలో కంపెనీయే ఇచ్చిన ట్విన్ లీడింగ్ డ్రమ్ ఉంది. అందులో రెండు షూలూ చక్రం తిరిగే దిశలోనే ఒరుసుకుంటాయి కనుక పట్టు పెరుగుతుంది, చూపుకు మాత్రం అదే కుటుంబం.

టైర్ల విషయంలో పాతదనం పనికిరాదు. 3.25 అంగుళాల వెడల్పు, 19 అంగుళాల చక్రం కొలత అలాగే ఉంచి, ముందు టైరుకు ఆనాటి గీతల నమూనా ఎంచుకోవచ్చు. రబ్బరు మాత్రం కొత్తదై ఉండాలి. గాళ్లు కనబడుతున్నా, ఏళ్లు గడిచి గట్టిపడ్డ టైరు తడి రోడ్డు మీద జారుతుంది.

వెలుగు, కరెంటు

పాత బుల్లెట్లు 6 వోల్టులవి. 30 వాట్ల బల్బు వెలగడానికి 6 వోల్టుల్లో 5 ఆంపియర్ల కరెంటు కావాలి. 12 వోల్టుల్లో 2.5 చాలు. కరెంటు ఎంత ఎక్కువైతే తుప్పుపట్టిన జాయింట్ల దగ్గర అంత నష్టం. ఉప్పుగాలి జాయింట్లనే ముందుగా పట్టుకుంటుంది కనుక కొబ్బరి తోటల మధ్య వీధిదీపాలు లేని దారుల్లో 6 వోల్టుల దీపం మినుకుమినుకుమంటుంది. తర్వాతి కాలంలో కంపెనీయే 12 వోల్టులకు మారింది కాబట్టి ఈ మార్పు ఎక్కువమంది ఒప్పుకునేదే. ఆల్టర్నేటరు, రెగ్యులేటరు, కాయిలు, హారను, బల్బులు కలిపి ఒకేసారి మార్చాలి. హెడ్‌లైటు డోము, దాని పక్కనుండే రెండు చిన్న పులికళ్ల దీపాలు, అమ్మీటరు మాత్రం పాతవే ఉండాలి. డీకంప్రెసర్ పట్టి, అమ్మీటర్ ముల్లు మధ్యకు వచ్చేదాకా చూసి కిక్ కొట్టడం ఈ బండి నడకలో భాగం.

పాయింట్లు, కండెన్సరు స్థానంలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టుకుంటే తేమకు మొరాయించడం తగ్గుతుంది. మూత కింద దాగుతుంది కనుక పైకి తెలియదు. కానీ అది దారిలో పాడైతే గరుకు కాగితంతో రుద్ది బాగుచేసే వీలుండదు. అందుకే పాత పాయింట్ల ప్లేటును సీటు కింద పెట్టుకోవడం మంచిది.

ఇంజిను, పెట్రోలు

ఇది దాదాపు 18 హార్స్‌పవర్ల ఇంజిను. తొందర లేకుండా లాగడానికి పుట్టింది. పెద్ద కార్బురేటరో, బోరు పెంచే కిట్టో వేసి 16వ నంబరు జాతీయ రహదారి మీద లారీలను దాటించాలని చూస్తే కనెక్టింగ్ రాడ్ కింది బుష్ ఆ భారం మోయలేదు. అమాల్ కార్బురేటరు అరిగిపోతే, కంపెనీ తర్వాతి రోజుల్లో తానే వాడిన మిక్‌కార్బ్ కార్బురేటరు సరైన బదులు. ఎక్కువ నూనె పంపే ఆయిలు పంపు, 20డబ్ల్యూ-50 ఆయిలు కనబడని మేలు చేస్తాయి.

ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది. ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు, కార్బురేటరు వాషర్లు వేయాలి. వారాల తరబడి నిలిపి ఉంచే బండి ట్యాంకులో పెట్రోలు మిగల్చకూడదు.

తుప్పుకు అడ్డుకట్ట

స్టెయిన్‌లెస్ బోల్టులు తుప్పుపట్టవు. కానీ అల్యూమినియం కేసింగ్‌లో నేరుగా బిగిస్తే ఉప్పుతేమ తగిలి అల్యూమినియమే కరిగిపోతుంది. గ్రీజు రాసి బిగించాలి. వాటి తెల్లని మెరుపు పాత బండి మీద పరాయిగా కనబడుతుంది కనుక బయటికి కనబడే చోట జింకు పూత బోల్టులే నప్పుతాయి. మడ్‌గార్డు లోపలి వైపు, ఫ్రేము గొట్టాల్లోపల తుప్పు నిరోధక పూత పోయించాలి. పాత రంగు, ట్యాంకు మీద చేత్తో గీసిన బంగారు గీతలు మిగిలి ఉంటే వాటిని గీకి కొత్త రంగు వేయించవద్దు. కాలం మీద కాలం పడ్డ ఆ పూతను తిరిగి తెప్పించడం ఎవరి వల్లా కాదు.

చట్టం ఏమంటుంది

మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటి, ఫ్రేములోనూ ఇంజిన్లోనూ మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న వాటికే ఆ గుర్తింపు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయల రుసుము, గడువు 10 ఏళ్లు, పునరుద్ధరణకు 5,000 రూపాయలు. రిజిస్ట్రేషన్ నంబరు ఇదివరకే ఉన్న బండి దాన్నే ఉంచుకోవచ్చు. గుర్తింపు వచ్చాక రోజువారీ ప్రయాణాలకు గానీ, వ్యాపారానికి గానీ వాడకూడదు. అంటే 1970ల నాటి బుల్లెట్ ఉన్నవారు ఈరోజు కోసే ఫ్రేము, పెంచే బోరు రేపటి గుర్తింపుకు అడ్డం పడతాయి.

కనుక విప్పిన భాగాన్ని తుక్కుకు వేయవద్దు. ఆయిలు రాసి, గుడ్డలో చుట్టి, ఏ తేదీన ఎందుకు తీశారో చీటీ కట్టి పెట్టెలో దాచండి. బండిని పిల్లలకు అప్పగించే రోజున ఆ పెట్టెను కూడా దానితోపాటే అప్పగించండి.