గురుడి పక్కనే అంతరిక్ష కేంద్రం: నోయిడాలో ఒక ఫొటో, గురుగ్రామ్‌లో మరొకటి

ఢిల్లీ ఆకాశంలో దుమ్ము, వీధిదీపాల కాంతి వల్ల పాలపుంత కనిపించదు. మసక నక్షత్రాలూ కనిపించవు. కానీ శుక్రుడు, గురుడు మాత్రం కంటికి బాగానే కనిపిస్తాయి. వాటికి దీటుగా వెలిగేది మరొకటుంది. అదే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం. భారత వ్యోమగామి శుభాంశు శుక్లా 2025 జూన్ 26 నుంచి జూలై 14 వరకు ఉన్నది అందులోనే.

ఈ కేంద్రానికి సొంత వెలుగు లేదు. సూర్యాస్తమయం తర్వాత, తెల్లవారకముందు మనకు చీకటిగా ఉన్నా, అంత ఎత్తులో దానిపై ఎండ పడుతూనే ఉంటుంది. అందుకే విమానంలా మిణుకుమనకుండా, నిలకడగా వెలుగుతూ కొద్ది నిమిషాల్లో ఆకాశాన్ని దాటిపోతుంది.

ఒక్కోసారి అది గ్రహం పక్కనుంచే వెళ్తుంది. అయితే నోయిడాలో డాబా మీద ఉన్నవారికి గురుడిని తాకినట్టు కనిపించిన కేంద్రం, అదే క్షణంలో గురుగ్రామ్‌లో ఉన్నవారికి ఎంతో ఎడంగా కనిపిస్తుంది. ఎందుకలా?

చేయి చాచి బొటనవేలు నిలబెట్టండి. ఒక కన్ను, తర్వాత రెండో కన్ను మూసి చూడండి. ఎదుటి గోడ ముందు వేలు పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. దీనినే పారలాక్స్ అంటారు. ఇక్కడ వేలు అంతరిక్ష కేంద్రం, గోడ గురుడు. కేంద్రం ఎత్తు సుమారు 420 కిలోమీటర్లు. గురుడు మనకు బాగా దగ్గరగా వచ్చినప్పుడు కూడా దాదాపు 60 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. నోయిడా, గురుగ్రామ్‌ల మధ్య దూరం సుమారు 30 కిలోమీటర్లు. కేంద్రం నడినెత్తిన ఉంటే ఈ దూరానికే దాని స్థానం 4 డిగ్రీలు మారుతుంది. అంటే ఎనిమిది నిండు చంద్రులను వరుసగా పేర్చినంత!

కేంద్రం సరిగ్గా గురుడి ముందుగా వెళ్లడాన్ని టెలిస్కోపులో పట్టాలంటే ఇంకా కష్టం. అది కనిపించే దారి నేల మీద వంద, రెండు వందల మీటర్ల వెడల్పే ఉంటుంది. వీధి మారితే దృశ్యం తప్పిపోతుంది. దాటడానికి పట్టే సమయం సెకనులో కొన్ని వందల వంతులే. అందుకే ఫొటో కాకుండా వేగవంతమైన వీడియో తీస్తారు. పైగా కేంద్రం సెకనుకు 7.7 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. పలుచని వాతావరణపు రాపిడికి దాని కక్ష్య మెల్లగా మారుతుంటుంది కాబట్టి, ఏ రోజు వివరాలు ఆ రోజే చూసుకోవాలి.

కేంద్రం గీసే వెలుగు గీత చాలనుకుంటే ట్రైపాడ్, మామూలు కెమెరా సరిపోతాయి. నగర కాంతికి ఫొటో తెల్లబారకుండా రెండు, మూడు సెకన్ల ఫొటోలు వరుసగా తీసి, కంప్యూటర్‌లో కలపాలి.

గురుడికి ఎడంగా వచ్చిన ఫొటో కూడా వృథా కాదు. ఇద్దరు స్నేహితులు గడియారాలు సరిచూసుకుని, ఒకే క్షణంలో చెరోచోట నుంచి ఫొటో తీస్తే, గురుడిని గుర్తుగా పెట్టుకుని కేంద్రం ఎంత జరిగిందో కొలవవచ్చు. ఆ కోణం 4.1 డిగ్రీలైతే దాని టాంజెంట్ 0.0717. దానితో 30ని భాగిస్తే వచ్చేది సుమారు 418. అదే కిలోమీటర్లలో అంతరిక్ష కేంద్రం ఎత్తు!