సూది భయము – రక్తశుద్ధి చికిత్స

సూదికి వెరచువారిని చూచి నవ్వుట మన యిండ్లలో వాడుక. పసిబిడ్డ యేడ్చినచో ముద్దుగా నుండును గాని, నలువది యేండ్ల యిల్లాలు కన్నీరు పెట్టుకొన్నచో “ఇద్దరు బిడ్డలను కన్నదానవు, ఈపాటి సూదికి భయమా?” యని తక్కినవారు ఎగతాళి చేయుదురు. ఆ యెగతాళి వలన ప్రాణమునకే ముప్పు వచ్చు సందర్భ మొకటి కలదు. మూత్రపిండములు చెడినవారికి డయాలిసిస్, అనగా యంత్రముతో రక్తమును శుద్ధిచేయు చికిత్స, ఆరంభింపవలసిన సమయమే యది. సోదరీమణులారా, ఈ నెల దానిని గూర్చియే మేము కొంత వివరముగా వ్రాయదలచితిమి.

ఖమ్మమునుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా పోయి గోదావరి వంతెన దాటినచో భద్రాచలము. అచ్చటినుండి ఏటి వెంబడి పైకి పోవుచుండగా దుమ్ముగూడెము, చర్ల మండలముల పల్లెలు, వాని వెనుక ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవులు. ఈ పల్లెలలోని రోగులు వారమునకు రెండు మూడు మారులు చికిత్సకై ఖమ్మమునకో, వరంగల్లునకో, హైదరాబాదునకో పోవలసి వచ్చిన దినములు మొన్నమొన్నటివరకు నుండెను. ఇప్పుడు భద్రాచలము ప్రాంతీయ వైద్యశాలలోనే డయాలిసిస్ కేంద్ర మున్నది. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకమువలన బీదలకు రుసుము లేదు. 2023 డిసెంబరు 9 మొదలుకొని తెలంగాణలో స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో టికెట్టు లేదు. కూలి పోవుట, ఇంటిపని నిలుచుట మొదలగు చిక్కులు లేకపోలేదు. అయినను వైద్యుడు “చేతికి చిన్న ఆపరేషను చేయించుకొనుము” అని చెప్పినపిమ్మట నెలలు గడచినను రాని స్త్రీలలో, దారి దూరమై రానివారికంటె మనసులో సూది మెదలుచుండుటవలన రానివారే యెక్కువ యేమో యని మాకు తోచుచున్నది.

వారు భయమని నోరు విడిచి చెప్పరు. “మిరపకాయ కోతలు కానీ,” అందురు. “తునికాకు కల్లము ముగియనీ,” అందురు. పిల్ల పెండ్లి యగువరకు ఆగుమందురు. అత్తగారు కోడలితో “నాకా సూదులొద్దు బిడ్డా, గోలీలతోనే ఎల్లదీస్తా” అనుట ఎన్ని యిండ్లలో వినబడదు! ఆ మాట విన్న కోడలు దానిని మొండితనమని తలపక, లోపల నేమి జరుగుచున్నదో తెలిసికొనవలయును.

మొదట చికిత్స సంగతి. మూత్రపిండములు వడకట్టవలసిన మలినములను యంత్రమునకు తగిలించిన జల్లెడవంటి గొట్టము వడకట్టును. దానికై చేతినుండి రక్తము నొక సూదిద్వారా తీసి, శుద్ధి చేసి, రెండవ సూదిద్వారా మరల ఎక్కింతురు. రక్తమంతయు ఒక్కసారి బయటికి లాగుదురను భయము పల్లెలలో చాలమందికి గలదు. అది నిజము కాదు. ఏ క్షణమందైనను ఒడలి బయట నుండునది సుమారు ఒక పెద్ద గ్లాసెడు మాత్రమే. తక్కిన రక్తమంతయు ఒడలిలోనే తిరుగుచుండును. ఒక్కొక్కమారు ఈ పని నాలుగు గంటలు పట్టును. వారమునకు మూడు మారులు జరుగుట మేలు. రెండే మారులు జరుగుచోట్లును గలవు.

1943లో హాలండు దేశపు వైద్యుడు విలెం కాల్ఫ్ ఇట్టి యంత్రమును మొదట నిర్మించెను. 1945లో దానివలన ప్రాణము దక్కించుకొన్న మొదటి మనిషి యొక స్త్రీ. ఆమె పేరు సోఫియా షాఫ్‌స్టాట్, వయసు 67 ఏండ్లు. అయితే ఆ కాలమున చికిత్స చేసిన ప్రతిమారును రక్తనాళమును కోసి గొట్టము పెట్టవలసి యుండెను. కొన్ని మారులతో నాళములన్నియు పాడై, చికిత్సకు చోటు లేకపోయెడిది. 1960లో అమెరికాలోని సియాటిల్ నగరమున బెల్డింగ్ స్క్రిబ్నర్ అను వైద్యుడు చేతికి వెలుపల ఎల్లప్పుడు నుండు గొట్టము నమర్చెను. తుదకు న్యూయార్కు వైద్యులైన బ్రెషియా, చిమినో, వారితో పనిచేసిన ఆపెల్ అను శస్త్రవైద్యుడు, చేతిలోని ధమనిని ప్రక్కనున్న సిరతో కలిపి కుట్టు పద్ధతిని కనుగొనిరి. 1965లో ఆపరేషను మొదలిడి, 1966లో లోకమునకు వెల్లడించిరి. ధమని వేగమునకు ఆ సిర లావై గట్టిపడి, ఎన్ని పోట్లకైనను ఓర్చుకొనును. దీనినే ఫిస్టులా యందురు. మన మిప్పుడు భయపడుచున్న సూదిపోటు ఆ దినములలో కోతను తప్పించిన వరమై వచ్చినది.

ఫిస్టులా కుట్టిన నాడే పనికి రాదు. అది పక్వమగుటకు ఆరు వారములు మొదలు మూడు నెలలవరకు పట్టును. సూది భయము ప్రాణముమీదికి వచ్చునది ఇచ్చటనే. భయముచేత ఆపరేషను వాయిదా వేయుచు పోయిన స్త్రీని ఒకనాడు ఆయాసముతో, ఉబ్బిన మొగముతో వైద్యశాలకు మోసికొని వత్తురు. అప్పుడు వ్యవధి యుండదు గనుక మెడలోని పెద్ద సిరలో గొట్టము పెట్టి చికిత్స చేయుదురు. ఆ గొట్టమునకు ప్రతిమారు సూది గ్రుచ్చ నక్కరలేదు. అందువలన రోగికి ప్రాణము లేచివచ్చినట్లుండి, “ఇదే బాగున్నది, చేతికి ఆపరేషను వద్దే వద్దు” అనును. ఇంటివారును సరే యందురు. కాని ఆ గొట్టము చర్మమునుండి నేరుగా గుండెదగ్గరి రక్తమునకు దారి. దాని వెంబడి సూక్ష్మక్రిములు చొచ్చి, చలిజ్వరము పుట్టి, రక్తమంతయు విషమగు ప్రమాదము ఫిస్టులాకంటె ఎంతో హెచ్చు. నొప్పి లేని దానిని మేలైనదనుకొనుట సహజమే. ఇచ్చట మాత్రము నొప్పి గలదే మేలైనది.

ఇక భయము సంగతి. కోయ పల్లెలలో వృద్ధ స్త్రీల మొగములమీదను చేతులమీదను పచ్చబొట్లు మీరు చూచియుందురు. అవన్నియు సూదులతో పొడిచినవే. ముక్కు చెవులు కుట్టించుకొనని స్త్రీ మనలో అరుదు. కనుక సూదికి వెరచు స్త్రీకి నొప్పి నోర్చు శక్తి లేదనుట తప్పు. ఈ భయము నొప్పికి సంబంధించినది మాత్రమే కాదు, నాడులకు సంబంధించినది. అడవిలో ఎలుగుబంటి యెదురైనచో గుండె దడదడ కొట్టుకొని రక్తపు పోటు పెరుగును. ఆ బలముతో మనిషి పరుగెత్తును. సూదిని, నెత్తురును చూచి భయపడు కొందరిలో దీనికి విరుద్ధముగా జరుగును. మొదట గుండె వేగము పెరిగి, అంతలోనే రక్తపు పోటు చప్పున పడిపోవును. చెమటలు పోయును, చెవులలో హోరు పుట్టును, కన్నులు చీకట్లు క్రమ్మును, మనిషి సొమ్మసిల్లును. ఈ స్వభావము కుటుంబములలో తరతరములుగా వచ్చుచుండుటయు గలదు. ధైర్యము తెచ్చుకొమ్మని గద్దించినంతమాత్రాన రక్తపు పోటు లేచునా?

దానిని లేపు నుపాయమును స్వీడను దేశమున ఓస్ట్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1980 తరువాతి దశాబ్దములో పరీక్షించి చూపెను. ఖర్చు లేనిది, చదువు అక్కరలేనిది. పరుపుమీదనో కుర్చీలోనో కూర్చుండి, కాళ్లను, తొడలను, కడుపును, ఒక చేతి పిడికిలిని పది పదునైదు క్షణములు గట్టిగా బిగింపవలయును. మొగమున వేడి పుట్టినట్లు తోచినపిమ్మట మెల్లగా సడలింపవలయును, పూర్తిగా వ్రేలవేయరాదు. అర నిమిష మాగి మరల బిగింపవలయును. ఇట్లైదు మారులు. ఇంటియొద్ద దినమునకు కొన్ని మారులు చొప్పున రెండు మూడు వారములు అలవాటు చేసికొనినవారికి, సూది సమయమున తల తిరుగ నారంభించినపుడు అది చేతికి వచ్చిన విద్యవలె నుపయోగపడును. ఫిస్టులా యున్న చేతిని మాత్రము బిగింపరాదు. అది వదులుగానే యుండవలయును. గుండెజబ్బు గలవారు ముందుగా వైద్యు నడిగి చేయవలయును. సొమ్మసిల్లు స్వభావము లేక, గుండె దడయు వణకును మాత్రమే కలవారికి బిగించుట పనికిరాదు; వారికి నెమ్మదిగా దీర్ఘముగా ఊపిరి విడుచుటయే మంచిది.

మా కొక ఫిర్యాదు కలదు. రోగికి ధైర్యము చెప్పబోయి “చీమ కుట్టినట్లుండును” అని అందరు ననుచుందురు. టీకా వేయు సూది సుమారు అర మిల్లీమీటరు లావు. ఈ సూది ఒకటిన్నర మిల్లీమీటరును మించి రెండింటికి లోపుగా నుండును. అట్టిదానిని చీమయనిన, మొదటి పోటుతోనే మీ మాటమీద ఆమెకు నమ్మకము పోవును. వారమునకు మూడు మారులు, మారునకు రెండు పోట్ల చొప్పున ఏడాదికి మూడు వందలకు పైబడును గదా, అబద్ధము ఎన్నినాళ్లు నిలుచును? “నొప్పి యుండును, గ్రుచ్చునపుడే యుండును, పిమ్మట తగ్గును, నేను నీ ప్రక్కనే యుందును” అనుట మేలు.

నొప్పిని తగ్గించు దారులును గలవు. లిగ్నోకేయిన్, ప్రిలోకేయిన్ అను మందులు కలిసిన లేపన మొకటి మందుల దుకాణములలో దొరకును. వైద్యుని యనుమతితో, నర్సు చూపిన చోటనే దళముగా పూసి, పైన ప్లాస్టిక్కు పొర కప్పి గంటసే పుంచినచో చర్మము మొద్దుబారును. చర్లనుండి బస్సులో వచ్చువారు వైద్యశాలకు చేరినపిమ్మట పూసికొనిన ఫలము లేదు; దారిలోనే పూసికొనవలయును. గ్రుచ్చుటకు ముందు దానిని తుడిచి, చేతిని సబ్బుతో కడుగుకొనుట మరువరాదు. క్రొత్త ఫిస్టులాకు మొదటి వారములలో సన్నని సూదులే వాడుమని కోరవచ్చును. గ్రుచ్చునపుడు ఒకమారు దగ్గుటవలన నొప్పి కొంత తెలియదని పరిశీలించినవారు చెప్పిరి. కొందరికి ప్రక్కకు చూచుట హాయి. కొందరికి చూడనిచో భయము హెచ్చును. వారి యిష్టమునకు విడువుడు.

మొదటిసారి సూదియు, క్రొత్త గదియు, యంత్రముల చప్పుడును ఒకేనాడు మీద పడనీయక, ముందుగా ఒకనాడు అనుమతి పొంది ఆమె నా గదికి తీసికొనిపోయి కూర్చుండబెట్టుడు. ఏడాదిగా చికిత్స పొందుచున్న మరియొక స్త్రీ ప్రక్కమంచమున పండుకొని కబుర్లు చెప్పుచుండుట చూచినచో కలుగు ధైర్యము మన మాటలవలన కలుగదు. భయమున్న సంగతి నర్సుతో రోగి చెప్పలేనిచో మీరు చెప్పుడు. పండుకొనబెట్టి గ్రుచ్చుట, అనుభవము గల చేతితో గ్రుచ్చించుట వారికి అసాధ్యము కాదు. ఒకరు రెండుమారులు తప్పినచో మూడవమారు మరియొకరిని పిలువుమని మర్యాదగా అడుగుటలో దోషము లేదు. క్రొత్తలో సూది తప్పి చేయి వాచి, నెత్తురు కమ్మి నల్లబడుట కలదు. దానితో ఫిస్టులా చెడిపోయెనని బెదరవలదు. నర్సుకు చూపినచో మంచుగడ్డ కాపడము చెప్పుదురు.

ఇక ఒక విచిత్రము. మన పల్లెలలో సూది వేయని వైద్యుడు వైద్యుడే కాడు. ఒళ్లు నొప్పులకు సూది, జ్వరమునకు సూది, నీరసమనిన గ్లూకోజు సీసా. ఈ నొప్పుల సూదులలోను గోలీలలోను కొన్ని మూత్రపిండములకు హాని చేయునవే. మూత్రపిండములు చెడనారంభించినదని తెలిసినవారు ముంజేతి సిరలలో సూదులు, సీసాలు ఎక్కించుకొనినచో రేపు ఫిస్టులాకు పనికివచ్చు సిర నేడే పాడగును. ఎక్కిన నీరు వెలికి పోలేక ఆయాసము తెచ్చును. కనుక వైద్యులు సాధారణముగా ఎడమచేతిని, అనగా తక్కువ వాడు చేతిని, ఇందుకై విడిచి పెట్టుమందురు. రక్తపరీక్షకైనను వేరొక చేతినే చాపవలయును.

ఎన్ని చేసినను సూదిని ఓర్వలేనివారు కొందరుందురు. వారు దానికై సిగ్గుపడి చికిత్సనే మానవలసిన పని లేదు. పొట్టలోని పొరద్వారా రక్తమును శుద్ధిచేయు పద్ధతియు కలదు. మెత్తని గొట్టము నొకదానిని పొట్టలో అమర్చి, రెండు లీటర్ల మందునీటిని నింపి, కొన్ని గంటల పిమ్మట తీసివేయుచు, దినమునకు మూడు నాలుగు మారులు ఇంటియందే చేసికొనవచ్చును. సూదులు లేవు, బస్సు లేదు. అయితే చేతులు కడుగుకొనుటలో రవ్వంత యేమరుపాటైనను పొట్టలో చీము పట్టును. మందునీటి సంచులు అడవిపల్లెకు తప్పక చేరుచుండవలయును, వానిని దాచుటకు పొడి చోటు కావలయును. అందరికిని కుదురునది కాదు గాని, వైద్యు నడుగకయే విడువదగినది కాదు.

ఫిస్టులా కుట్టిన యింటి యిల్లాండ్రకు మరికొన్ని మాటలు. ఆ చేతికి బిగువైన గాజులు, గడియారము వలదు. ఆ చేతితో బిందె మోయరాదు, ఆ చేయి తలక్రింద పెట్టుకొని నిద్రింపరాదు, రక్తపు పోటు చూచు పట్టీని ఆ చేతికి చుట్టనీయరాదు. పుండు మానినపిమ్మట మెత్తని బంతిని పిసుకుట వైద్యులు నేర్పుదురు. కుట్టిన చోట వ్రేళ్లు పెట్టినచో లోపల తుమ్మెద రొద చేసినట్లు సన్నని వణకు తెలియును. ప్రతిదినము ఉదయమున, రాత్రియు దానిని తాకి చూచుట నేర్పుడు. సూదికి వెరచిన స్త్రీకి తన చేయి తనకు మరల మచ్చికయగుట అచ్చటనే మొదలగును. ఆ వణకు ఏనాడైన ఆగినట్లు తోచినచో తెల్లవారుదాక కూర్చుండక, ఆ పూటనే వైద్యశాలకు కబురు చేసి బయలుదేరవలయును.