కంపెనీ లాయరు ఏ శాఖను ఎన్నుకోవాలి?

పల్లె నుండి కొడుకునో కూతురునో చదువుకు హైదరాబాదు పంపిన మన కుటుంబాల వారికి చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ పేర్లు కొత్తవి కావు. అశోక్‌నగర్ నిండా పోటీ పరీక్షల కోచింగు బోర్డులు. చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయం నిండా చదువుకొనే పిల్లలు. నారాయణగూడలో లా కళాశాల కూడా ఉంది. ఈ ప్రాంతపు అద్దె గదుల్లో ఉండి లా పట్టా పుచ్చుకొని, కంపెనీల పనులు చూచే ఆఫీసులో చేరిన యౌవనస్థునికి త్వరలోనే ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఏ శాఖలో స్థిరపడాలి? ఇంట్లోవారేమో, "కోర్టుకు పోని లాయరేమిటిరా?" అంటారు.

కంపెనీల కొనుగోళ్ల శాఖకు పేరెక్కువ. అయితే అక్కడ జూనియరు పని పాత ఒప్పందాలు, భూమి పత్రాలు చదివి లోపాలు పట్టడమే. సంతకాలు దగ్గరపడిన వారంలో రాత్రనక పగలనక పని ఉంటుంది, ఆదివారం ఆరాధనకు వెళ్లడం కూడా కష్టమే. ఈ సంగతి ముందుగా తెలిసి చేరడం మంచిది. పన్నుల శాఖకు 2017 జులైలో వచ్చిన జి.ఎస్.టి. బోలెడు పని తెచ్చింది. లెక్కలంటే భయపడేవారు దాని జోలికి పోనక్కరలేదు.

నా మట్టుకు, దివాళా శాఖను మన పిల్లలు శ్రద్ధగా చూడాలంటాను. దీని చట్టం 2016లో వచ్చింది. పాతుకుపోయిన సీనియర్లకు కూడా అది కొత్తే గనుక, కష్టపడి చదివిన జూనియరుకు చోటు దొరికింది. ఈ చట్టం క్రింద దేశంలో మొదటి పరిష్కార ప్రణాళికను 2017 ఆగస్టులో ఆమోదించింది హైదరాబాదులోని కంపెనీ లా ట్రిబ్యునలే. ఆ కంపెనీ విశాఖపట్నంలో కారు చక్రాలు తయారుచేసే సినర్జీస్ డూరే. అప్పిచ్చినవారికి రావలసినది సుమారు 972 కోట్లు, ప్రణాళిక ప్రకారం దక్కేది సుమారు 54 కోట్లు!

మునిగిన కంపెనీలో కూలివాని జీతం కూడా ఉంటుంది. కంపెనీని అమ్మి మూసివేయవలసి వస్తే ముందు ఆ ప్రక్రియ ఖర్చులు తీరుస్తారు. తరువాత కార్మికుల 24 నెలల బకాయిలు, తాకట్టుపై అప్పిచ్చిన బ్యాంకులతో సమానంగా వస్తాయి. ప్రావిడెంట్ ఫండ్, గ్రాట్యుటీ నిధుల సొమ్మును కంపెనీ ఆస్తిలో కలపరాదు. కాని కార్మికుడు క్లెయిము ఫారం వేయాలి, గడువు చూచుకోవాలి. అది చెప్పేవారు లేకనే చాలామంది పేర్లు జాబితాకు ఎక్కవు. ఆ ఫారాలు ముందు చదివేది తరచుగా జూనియరే.

ఏదైనా మొదటి ఏడాదే తేల్చుకోవద్దు. ఒక్కొక్క శాఖలో ఒక ఫైలును మొదటి నుండి చివరి వరకు చూడనిమ్మని సీనియరుగారిని అడగాలి. ఎవరూ చెప్పకుండానే రాత్రి కూర్చుని చదివిన ఫైలు ఏదో గుర్తుంచుకోవాలి. జీతం తేడా గురించి తల్లిదండ్రులు తొందరపెట్టకుండా ఉంటే బాగుంటుంది.

లాయరుగా ట్రిబ్యునల్ ముందు నిలబడాలంటే బార్ కౌన్సిలులో నమోదు కావాలి. చట్టంలోని నమోదు రుసుము 750 రూపాయలు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి 125. స్టాంపు డ్యూటీ తప్ప ఇంతకు మించి వసూలు చేయరాదని సుప్రీంకోర్టు 2024 జులై 30న తీర్పు చెప్పింది.